ప్రార్థనలో ఎత్తిన పేరు

ఆ సోమవారం ఉషారాణి చేతులు కుదురుగా లేవు. పలాస జీడిపప్పు షెడ్డులో పదేళ్లుగా పొట్టు తీస్తున్న మనిషి, పొద్దున్నించీ పప్పు విరగ్గొడుతూనే ఉంది. మేస్త్రీ రెండుసార్లు వచ్చి గుర్రుగా చూసిపోయాడు. చూడనీ! ఆవిడ ధ్యాసంతా అవతలి గోడ దగ్గర, తనకి వీపు తిప్పి కూర్చున్న చిన్నమ్మి మీదే ఉంది.

మొన్నమొన్నటిదాకా ఇద్దరూ పక్కపక్కనే కూర్చునేవారు. మూడేళ్ల కిందట, రెండువేల ఒకటిలో, చిన్నమ్మిని యేసుప్రభువు దగ్గరికి నడిపించింది ఉషారాణే. మొగుడూ అత్తా రాకపోయినా చిన్నమ్మి ఒక్కతే మందిరానికి వచ్చేది. రెండు ఆదివారాలుగా అదీ మానేసింది. ఇంక రాదేమోనని ఉషారాణికి ఒకటే గుబులు.

చేసిందంతా తనే మరి. చిన్నమ్మి బొట్టుతో బస్సెక్కడం కళ్లారా చూసింది. వాళ్ల సంఘంలో ఆడవాళ్లు బొట్టు పెట్టరు. ఎందుకే అని అడిగితే నోరు అరిగిపోతుందా? అడగలేదు. పదిరోజుల కిందట, శుక్రవారం ఉపవాస ప్రార్థనలో, చిన్నమ్మి వెనక వరసలో ఉండగానే గొంతెత్తింది.

“ప్రభువా, నీ కుమార్తె చిన్నమ్మి మరల లోకము తట్టు తిరిగి బొట్టు ధరించుచున్నది. ఆమెను క్షమించుము తండ్రీ!”

మూసుకున్న కళ్లు తెరవకుండానే ఇరవైమంది ఆడవాళ్లు ఆమేన్ అన్నారు. చిన్నమ్మి లేచి వెళ్లిపోయింది. తెల్లారేసరికి ఊరంతా ఆ బొట్టు గురించే మాట్లాడుకున్నారు.

మధ్యాహ్నం అన్నాల వేళకి ఉషారాణి ఇంక ఆగలేక, క్యారేజీ పట్టుకుని వెళ్లి చిన్నమ్మి పక్కన కూలబడింది.

“ఒలే, బొట్టెందుకెట్టుకున్నావే?”

“ఇప్పుడడుగుతన్నావా వదినా?” చిన్నమ్మి నవ్వింది. ఆ నవ్వు ఉషారాణికి చెంపదెబ్బలా తగిలింది. “మాయత్తకి కిడ్నీలు పోనాయి, మంచం మీంచి లెగనేదు. వణుకుతన్న సేత్తో తనే ఎట్టింది. ‘నానున్నన్నాళ్లూ ఇదొక్కటీ ఉంచుకోయే’ అన్నాది. తుడుసుకోలేకపోనాను.”

 అది విన్నాక కూడా ఉషారాణి అబద్ధం ఆడలేకపోయింది.

“మీయత్తంటే నాకూ జాలేనే. గానీ అది తప్పనే అంతాను.”

“అను. నా మొకమ్మీదే అను. నాను కాదంతాను. ఇద్దరం కొట్లాడుకుందుం, మళ్లీ కలిసి తిందుం. నువ్వు నాకు సెప్పనేదు గదా, దేవుడికి సెప్పినావు. ఆయనకి తెలీదేటి వదినా? నువ్వు సెప్పింది ఆళ్లకి.”

ప్రేమకొద్దీ చేశానని అనబోయి ఆగిపోయింది ఉషారాణి.  ఇరవైమంది ఒక్కసారి ఆమేన్ అన్నప్పుడు తనకెంత హాయిగా అనిపించిందో తనకి తెలుసు. సిగ్గుతో తల వాల్చేసింది.

“తప్పయిపోనాదే. అందరి ముందరా ఒప్పుకుంతాను.”

“వొద్దు తల్లీ! మళ్లీ నా పేరే ఎత్తుతావు.”

ఇద్దరికీ ముద్ద దిగలేదు. పనికి లేవాల్సిన వేళయింది.

“ఆదివారం వత్తావా?” భయపడుతూనే అడిగింది ఉషారాణి.

“వత్తాను. ప్రభువు నన్నేటన్నాడని మానీడం?” చిన్నమ్మి చేతులు దులుపుకుని లేచింది. “గానీ వదినా, నువ్వు ప్రార్థన సేసినంతసేపూ నాను కళ్లు మూసుకోను.”