జానెడెత్తు లేచే పెట్టెలు

పొద్దున్నే పూర్ణిమ షాపు షట్టరు ఎత్తి, వాకిట్లో నీళ్ళు చల్లి, సోల్డరింగ్ కడ్డీ ప్లగ్గులో పెట్టి, అది వేడెక్కేలోపు టీ తాగుతుంది. నంద్యాల స్టేషన్ రోడ్డులో ఆ షాపు తెలియనివాళ్ళు లేరు. ఊళ్ళో ఏ కీబోర్డునైనా క్యాసియో అనే అంటారు కాబట్టి ఆమెకూ క్యాసియో పూర్ణిమ అనే పేరు స్థిరపడిపోయింది. ఎప్పుడో మూతబడ్డ ఆర్కెస్ట్రాల ఆర్గన్లు, ఎనభైలనాటి సింథసైజర్లు, ఎలుకలు కొరికినవి, వానకు తడిసినవి అన్నీ ఆమె దగ్గరికే వస్తాయి.

పని కుదిరిందో లేదో ఆమెను అడగక్కర్లేదు. కుదిరితే ఆ పెట్టె బల్ల మీంచి జానెడెత్తు లేచి గాల్లో నిలబడుతుంది. కుదరకపోతే లేవదు, అంతే. గిరాకీలు దాని కింద చెయ్యి పోనిచ్చి చూసుకుని, సరేనని తలూపి, ఆటోలో తాడేసి కట్టుకుని పోతారు. కొలిమిగుండ్ల బస్సు కండక్టరు మాత్రం బరువు లేనిదానికి లగేజీ టికెట్ కొట్టాలా వద్దా అని డ్రైవరుతో చాలాసేపు పేచీ పడ్డాడు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. పూర్ణిమ రచ్చ గెలిచింది గానీ ఇంట గెలవలేదు. నాయన ఒక్కసారి కూడా ఆ షాపు గడప తొక్కలేదు.

నరసింహులు ఆళ్లగడ్డలో పేరు మోసిన శిల్పి. ఒక్కగానొక్క కూతురు ఉలి వదిలేసి వైర్ల వెంట పడిందని ఆయనకు కడుపుమంట. "అతుకులేసేది గూడా ఒక పనేనా?" అని ముఖం మీదే అనేవాడు. అలాంటిది ఇప్పుడు ఆయన చేతులు వణుకుతున్నాయి. నంద్యాల డాక్టరు చూసి ఇక ఉలి మాట మరిచిపొమ్మన్నాడు. ఆస్పత్రి నుంచి ఎటు పోవాలో తోచక, సాయంత్రం బస్సు దాకా కూర్చుంటానని మొదటిసారి కూతురి షాపుకొచ్చాడు.

సరిగ్గా ఆ రోజే చర్చివాళ్ళ పాత సింథసైజర్ మొండికేసింది. పాటల బృందాన్ని నడిపే దెబోరా మధ్యాహ్నానికల్లా దానికోసం వస్తుంది. పూర్ణిమ తుప్పు గీకింది, విరిగిన మీటలు మార్చింది, అతుకులన్నీ కొత్తగా వేసింది. మెల్లగా నొక్కితే పలుకుతుంది, గట్టిగా నొక్కితే మూగబోతుంది. పెట్టె అలిగిన కొత్త అల్లుడిలా బల్ల మీద బిగదీసుకుని కూర్చుంది. ఊరంతా మెచ్చుకుని ఏం లాభం, ఈ ఒక్క మనిషి ముందు లేవకపోతే? పూర్ణిమకు ఏడుపు తన్నుకొచ్చింది.

"లేయదా?" అన్నాడు నరసింహులు.

"లేస్తాది నాయనా. రోంత ఉండు."

"వచ్చిన కాడ్నించి ఉండనే ఉండా కదా."

ఇక ఓపిక చాలక ఆయనే లేచొచ్చాడు. ఉలి పెట్టేముందు రాయిని కొట్టి వినడం శిల్పులకు అలవాటు. గంటలా మోగితే మంచి రాయి, డొల్లగా పలికితే లోపల పగులున్నట్టు. నరసింహులు పెట్టెను పక్కకు ఒరిగించి, వేలి కణుపుతో దాని అడుగున ఈ చివరి నుంచి ఆ చివరికి కొట్టుకుంటూ పోయాడు. చెయ్యి వణుకుతోంది గానీ చెవి మాత్రం చెక్కుచెదరలేదు. ఎడమపక్క ఒకచోట ఆగాడు.

"ఈడ డొల్ల పలుకుతాంది. ఏం తీసినావ్ ఈడ?"

పూర్ణిమ చెత్తబుట్ట వైపు చూసింది. "చెక్కముక్క ఒకటి ఉండె నాయనా. ఎవరో పాత మెకానిక్ బోర్డు కింద దూర్చినట్టుండాడు. కంపెనీది కాదు కదా, అక్కర్లేదని తీసి పారేసినా."

"ఎవురు చెప్పినారు పారేయమని?"

"నువ్వే! అక్కర్లేంది తీసేస్తే మిగిలేదే దేవుడని చిన్నప్పటి నుంచీ నేర్పిచ్చింది నువ్వు కాదా?"

నరసింహులు పకపకా నవ్వాడు. శిల్పి ఇంట్లో పుట్టిన పిల్ల తప్ప ఇంకెవరూ చెయ్యని తప్పు అది. తండ్రీ కూతుళ్ళిద్దరూ కిందే కూర్చుని, చెత్తబుట్ట బోర్లించి, తీగముక్కల మధ్య ఆ చెక్కను వెతికి పట్టుకున్నారు. దాన్ని మళ్ళీ దూర్చేసరికి, మీట నొక్కినప్పుడల్లా కిందికి వంగుతున్న బోర్డు గట్టిగా ఆనుకుంది. పూర్ణిమ బలంగా ఒక మీట నొక్కింది. స్వరం నిండుగా పలికింది. పెట్టె మెల్లగా, ఏ తొందరా లేకుండా జానెడెత్తు లేచింది.

నరసింహులు గిరాకీలాగే దాని కింద చెయ్యి పోనిచ్చాడు. చాలాసేపు ఆ చేతిని అక్కడే ఉంచాడు.

"నా పనిలో తీసింది మళ్ళా పెట్టేకి రాదు పాపా," అన్నాడు. "ఒక్క దెబ్బ తప్పితే దేవుడు పోయి రాయే మిగుల్తాది. ఆ బయంతోనే బతికినా ఇన్నేండ్లు. నీది పోయినదాన్ని మళ్ళా నిలబెట్టే పని. మనింట్లో ఇది ఎవురికీ రాలే. నీకొచ్చింది."

ఊరంతా పొగిడినప్పుడు కూడా పూర్ణిమ గుండె అంతగా పొంగలేదు.

మధ్యాహ్నం దెబోరా వచ్చింది. చెయ్యి పోనిచ్చి చూసుకుని మురిసిపోయింది. ఆటోకు తాడు కట్టిస్తూ, "ఈ పెద్దాయన ఎవురు పూర్ణిమా? ఎప్పుడూ చూళ్ళేదే," అని అడిగింది.

పూర్ణిమ నోరు తెరిచేలోపే నరసింహులు తన స్టూలును బల్ల దగ్గరికి జరుపుకున్నాడు.

"ఈ పాప నాయనను తల్లీ. ఈడ్నే పని చేస్తాండా," అని, వరసలో ఉన్న తర్వాతి పెట్టెను ముందుకు లాక్కుని, చెవి ఆనించి కణుపుతో కొట్టాడు.