ఒకటి, నాలుగు, రెండు, మూడు

నేను ఒక రికార్డును. లెక్క పక్కాగా చెప్పాలంటే రెండు రికార్డులను. ఒకే అట్టలో కాపురముండే రెండు నల్లటి పళ్లేలు, నాలుగు వైపులు, ఎనభై నిమిషాలు. మామూలు రికార్డులు పాటలు ఇస్తాయి. నేను కథ ఇస్తాను. నేను పుట్టిన రోజుల్లో ఇంగ్లండులో గిటారు పట్టిన ప్రతివాడికీ పాట చాలదు, పురాణమే కావాలనిపించింది. ఆ సంగీతాన్ని ప్రోగ్రెసివ్ రాక్ అన్నారు. మొదటినుంచి చివరిదాకా ఒకే కథ పాడితే రాక్ ఒపెరా అన్నారు. విన్నవాళ్లలో అర్థం కాలేదని ఒప్పుకున్నవాడు ఒక్కడూ లేడు. సరుకు కదలడానికి అంతకన్నా మంచి గుణం ఏముంటుంది?

నా కథ చిన్నదే. సముద్రం మధ్య దీపస్తంభంలో కాపలావాడికి కొడుకు పుడతాడు. పెద్దవాడై నిచ్చెన దిగి పట్నం పోతాడు. వాడు వదిలి వెళ్లిన దీపం ఆరి ఓడ మునిగితే కోర్టు వాణ్ణి నిలబెట్టి విచారించి వదిలేస్తుంది. వాడు తిరిగొచ్చి దీపం వెలిగిస్తాడు. ఆ రాత్రే అల వచ్చి తీసుకుపోతుంది. అంతే.

మా వాళ్లు ఇందులో రెండు తెలివైన పనులు చేశారు. ఆ కాలపు షోకు ప్లేయర్లు రికార్డుల దొంతర పెడితే ఒక్కొక్కటే జార్చుకుని వాయించేవి. అన్నీ అయ్యాక దొంతర మొత్తాన్ని ఒకేసారి తిరగేస్తే సరి. ఆ సౌకర్యం కోసం మొదటి పళ్లెం వెనక నాలుగో వైపునూ, రెండో పళ్లెం వెనక మూడో వైపునూ అచ్చువేశారు. ఇక రెండో తెలివి: అంకెలు వేయడం నామోషీ అనుకుని వైపుకొక బొమ్మ వేశారు. పుట్టుకకు గువ్వ, పట్నం దారికి నిచ్చెన, విచారణకు త్రాసు, చావుకు అల. వరస తెలియాలంటే అట్టలో ఉన్న చిన్న పుస్తకం చూడాలి. ఆ పుస్తకంలో ఓడ వంటవాడు వేయించిన చేపలు చుట్టాడు.

ఆ ఓడ విశాఖపట్నం రేవుకొచ్చినప్పుడు ఒక నావికుడు నన్ను మూడు డజన్ల మామిడిపళ్లకు మార్చేశాడు. నాకేం అవమానం అనిపించలేదు. పళ్లు మంచివి.

అలా నేను వన్ టౌన్‌లో సన్యాసిరాజు నడిపే క్యాసెట్ రికార్డింగ్ షాపుకు చేరాను. రాజు చేయి శుభ్రమైనది. నన్ను అంచులు పట్టుకునే ఎత్తేవాడు. షాపు గుమ్మంలో ఒక పలక వేలాడదీసి, తనకు బాగా నచ్చిన పది కథా రికార్డుల పేర్లు ప్రతి ఆదివారం దానిమీద రాసేవాడు. తొమ్మిది పేర్లు వారం వారం మారేవి. మొదటి పేరు మాత్రం నాదే. అయితే అతని ప్లేయరు ఒక్క రికార్డునే పట్టేది. గువ్వ వైపు అయిపోగానే, ప్రపంచంలో ఎవరైనా చేసే పనే చేశాడు: తిరగేశాడు. అల వచ్చింది. తర్వాత నిచ్చెన, ఆ తర్వాత త్రాసు. ఊళ్లో నలభై ఇళ్లకు నా కథ ఆ వరసలోనే క్యాసెట్లకెక్కి పోయింది. నాకు తెలుసు. కానీ సరుకు అభిప్రాయం ఎవరడుగుతారు?

ఒకరోజు హరికథలు చెప్పే నూకరత్నం శ్రుతి రికార్డు చేయించుకోడానికి వచ్చింది.

“ఏటిరా తమ్ముడా ఈ గోల? ఎవుల్ని కొడతన్నారు?”

“కొట్టడం కాదప్పా, కథ” అని రాజు తనకొచ్చిన సగం ఇంగ్లీషుతో కథంతా చెప్పాడు. పుట్టాడు, అలలో పోయాడు, నిచ్చెన పట్టాడు, త్రాసు ముందు నిలబడ్డాడు, విడుదలయ్యాడు.

ఆవిడ కళ్లు మెరిశాయి. “ఓరి నీ తెలివి తెల్లారా! సచ్చినోడు నిచ్చెన పట్టి ఎక్కడికెల్తాడ్రా? పైకే! త్రాసు పట్టుకున్నోడెవుడు? యమధర్మరాజు! వదిలీసినాడంటే మోక్షం. ఇది ఇంగ్లీషోళ్ల హరికథ!”

ఆవిడకు కొత్త కథ అత్యవసరం. హార్బరు పనివారి హాల్లో శనివారం సాయంత్రాలు ఆవిడవే. కానీ వింటున్నవాళ్లు పదిహేను మందికి దిగారు. నెల రోజుల గడువిచ్చి, ఆ శనివారం హాలు నిండకపోతే పై వారం నుంచి వీడియో సినిమా వేస్తామని కమిటీ చెప్పేసింది. ముప్ఫై ఏళ్ల గజ్జెలు ఒక పెట్టెలోకి పోతాయన్నమాట. ఆవిడ నెల రోజులు కూర్చుని నన్ను తెలుగులోకి దించింది. “దీపస్తంభోపాఖ్యానం” అని ఊరంతా కాగితాలు పంచారు.

శనివారం మధ్యాహ్నం వాల్తేరు నుంచి రోడ్రిగ్స్ వచ్చాడు. రైలింజన్లు నడిపి రిటైరైన మనిషి, వేళ తప్పితే ఒళ్లుమండే రకం. అతని చంకలో నా అన్న ఉన్నాడు, అంటే ఇదే రికార్డు ఇంకో ప్రతి, చిన్న పుస్తకంతో సహా.

“ఏంటి మ్యాన్ రాజూ! పలక మీద ఫస్ట్ రాస్తావ్, ఒక్కసారి కూడా కరెక్టుగా వినలేదు. గువ్వ, నిచ్చెన, త్రాసు, అల! చివర్లో చస్తాడు మ్యాన్. ఆయన యముడు కాదు, లండన్ జడ్జి. విగ్గు పెట్టుకుంటాడు!”

రాజు పుస్తకం తెరిచి వరస చూశాడు. తప్పుడు తూకం వేసినట్టు దొరికిపోవడం ఏ షాపువాడికైనా చావే. ఊరుకుంటే ఆవిడ హాలు నిండా జనం ముందు నవ్వులపాలవుతుంది. చెబితే, నాలుగు గంటల్లో కొత్త కథ ఎలా కట్టగలదు? అయినా నన్ను చంకన పెట్టుకుని, ప్లేయరు రిక్షాలో వేసుకుని వెళ్లి చెప్పేశాడు.

“అయితే సరైన వరసలో ఒకసారి ఇనిపించు” అంది ఆవిడ.

ఆ ఊళ్లో మొదటిసారి నేను నా వరసలో మోగాను. చివర అల వచ్చి, గీతలోంచి ముల్లు పైకి లేచింది.

“దీపం ఎలిగించినోడ్ని ముంచీసి, ఆ ఇంగ్లీషోళ్లు ఇళ్లకెలా ఎల్లిపోనార్రా తమ్ముడా? మంగళం ఎవుడు పాడతాడు?”

“ఆళ్ల కథలు అంతేనప్పా.”

“సరే. నాను నా కథే సెప్తాను. ఆ ఇంజనాయన్ని ముందు బెంచీలో కూకోబెట్టు.”

రాజు అతన్ని అలాగే కూర్చోబెట్టాడు. నన్ను ఒళ్లో పెట్టుకుని తానూ పక్కనే కూర్చున్నాడు.

హాలు నిండింది. కొత్త కథ అని కొందరు, గొడవ జరుగుతుందని కొందరు. ఆవిడ చిడతలు వాయిస్తూ కుర్రవాణ్ణి పుట్టించింది, అలలో ముంచింది. నిచ్చెన దగ్గరకొచ్చేసరికి రోడ్రిగ్స్ పుస్తకం ఎత్తి లేచాడు. “రాంగ్ ఆర్డర్! అల నాలుగో వైపు!”

మృదంగం ఆగింది. వెనక బెంచీల్లో ఎవడో ఈల వేశాడు. హరికథలో పిట్టకథ అనే వెసులుబాటు ఒకటుంది. నడుమ ఏ అడ్డు వచ్చినా దాన్నే కథగా మార్చేయవచ్చు.

“కూకోండి దొరగారూ, కూకోండి” అంది ఆవిడ తీయగా. “బెమ్మదేవుడికి నాలుగు మొకాలు. ఒకటో మొకం ఏది, నాలుగో మొకం ఏదని ఆయన్నెవులైనా అడిగినారా? ఎటు తిరిగి దండం ఎట్టినా పుణ్నెం ఒకటే కదా బావూ! సీమదొరలు మూడో మొకం దగ్గర తీర్పు సెప్పి, నాలుగో మొకం దగ్గర ముంచీసినారు. మనం ముందు ముంచీసి, తరవాత తీర్పు సెప్పి, మోక్షం ఇచ్చీసి పంపుతన్నాం. మీరు సెప్పండి. మీకే గనక అలొస్తే, ఏ వరస కావాలి?”

హాలు విరగబడి నవ్వింది. రోడ్రిగ్స్ పుస్తకం మూసి కూర్చున్నాడు. యమధర్మరాజుకు ఆవిడ అప్పటికప్పుడు విగ్గు కూడా పెట్టింది. అది జారి చిత్రగుప్తుడి ఖాతా మీద పడిందనేసరికి కమిటీ కార్యదర్శి కళ్లనీళ్లు తుడుచుకున్నాడు. చివర మంగళం పాడుతుంటే జనం లేచి నిలబడ్డారు. ఒక్క నిమిషం ఆలస్యంగా రోడ్రిగ్స్ కూడా.

కమిటీ ముందే తెప్పించిన వీడియో పెట్టె వచ్చినదారినే పోయింది. శనివారాలు ఆవిడకే మిగిలాయి.

పదిరోజుల తర్వాత రోడ్రిగ్స్ మళ్లీ షాపుకొచ్చి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు. “రాజూ, నాకో క్యాసెట్ చెయ్యి. ఆవిడ వరసలో.”

“మీ దగ్గర సరైనది ఉంది కదండీ?”

“ఉంది మ్యాన్. చివర్లో ముంచేస్తారు. ఆదివారం పూట అంత అవసరమా?”

ఇప్పుడు నేను రాజు బీరువాలో పై అరలో ఉన్నాను. ముసలిదాన్ని, చిటపటలాడతాను. ఆవిడ వరసలో చివరిదైన త్రాసు వైపునే అందరూ మళ్లీ పెట్టమంటారు, అందుకే నాలుగు వైపుల్లో ఎక్కువగా అరిగింది అదే. అది అయిపోయాక ఎవరూ వెంటనే ముల్లు ఎత్తరు. లోపలి గీతలో అది టిక్కు టిక్కుమంటూ తిరుగుతూనే ఉంటుంది, గదిలో ఉన్నవాళ్లు ఊపిరి పీల్చుకునేదాకా.