జున్ను మువ్వ

రూతుకి ఆ జంతువంటే మొదట్నుంచీ గిట్టదు. ఈ మాట ముందే చెప్పేస్తే ఓ పనైపోతుంది. లేకపోతే తర్వాత ఆవిడ పడ్డ పాట్లు విని, అబ్బో ఎంత ప్రేమో అనుకుంటారు. ప్రేమా లేదు, దోమా లేదు.

జున్ను అంటే ఫెర్రెట్. మన ముంగిసకి పాలరంగు వేసి, రెండు కొసలూ పట్టుకుని సాగదీస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. రూతు మొగుడు ఆదాము సౌదీలో, రాస్ తనూరా రిఫైనరీలో పైపు ఫిట్టరు. అతని ఇంగ్లీషు ఫోర్‌మన్ 2004లో ఉద్యోగం మానేసి తన దేశం పోతూ, "నీకో కూతురుంది కదా" అని పంజరంతో సహా అంటగట్టి పోయాడు. అప్పటికి రూబీకి ఏడేళ్ళు. చూడగానే "జున్నులా ఉన్నాడు" అంది, అదే పేరైపోయింది. కాళ్ళకింద పడి నలిగిపోతాడని వాడి మెడకో మువ్వ కట్టింది.

వాసన సంగతి అడక్కండి. ఎన్నిసార్లు కడిగినా ఇల్లంతా అదే కంపు. పైగా దొంగబుద్ధి ఒకటి. దొరికిన సాక్సునల్లా ఎత్తుకెళ్ళి ఫ్రిజ్ వెనక దాచేవాడు. క్లినిక్‌కి టైమైపోతుంటే రూతు ఒంటి సాక్సుతో నిలబడి "దీని దుంప తెగ!" అని తిట్టేది. రూబీ మంచం మీద పడి దొర్లి దొర్లి నవ్వేది. జున్ను వెనక్కీ పక్కకీ గెంతుతూ, గొంతులో దుక్‌దుక్‌మని చప్పుడు చేసేవాడు. వాడి నవ్వు అదేనట.

2007లో ఆదాము కంపెనీ కాంట్రాక్టు చేతులు మారింది. కొత్త కఫీలు, అంటే వీసా ఇచ్చిన యజమాని, ఫిట్టర్లకి కుటుంబాన్ని ఉంచుకునే ఫ్యామిలీ స్టేటస్ లేదన్నాడు. రూతుకి నర్సుగా తన ఇఖామా, అంటే అక్కడ ఉండే పర్మిట్టు, తనకుంది. కానీ దాని మీద పిల్లని చేర్చుకునే వీల్లేదన్నారు. రూబీ ఒక్కతే జూన్ లోపల ఎగ్జిట్‌లో వెళ్ళిపోవాలి, అంతే. ఎక్కని మెట్టు లేదు, పట్టని కాళ్ళు లేవు. పని కాలేదు.

పిల్లకి ఈ సంగతి చెప్పాలి కదా? చెప్పలేదు. సెలవులకి వెళ్ళొస్తున్నాం అంది రూతు. విమానం దిగాక చెబుదామనుకుంది. దిగాక, భీమవరం హాస్టల్లో చేర్చాక చెబుదామనుకుంది. చేర్చాక, "రెండు నెలల్లో వచ్చి తీసుకెళ్తా, అందాకా ఇక్కడ చదువుకో" అనేసి, వెనక్కి చూడకుండా ఆటో ఎక్కింది. రోగికి సూది పొడిచేటప్పుడు "ఏం నొప్పి ఉండదమ్మా" అని పద్నాలుగేళ్ళుగా చెబుతున్న నోరు. అలవాటు మీద వచ్చేసింది.

రూతు మర్చిపోయింది ఒక్కటే. ఆవిడకీ ఆదాముకీ అరబ్బీ అక్షరం ముక్క రాదు. రూబీకి వచ్చు. ఇండియన్ స్కూల్లో ఒకటో క్లాసునుంచీ నేర్పారు. పాస్‌పోర్టు వార్డెన్‌కి ఇచ్చేముందు ఆ పిల్ల దాని మీదున్న ముద్ర కూడబలుక్కుని చదువుకుంది.

మొదటి శుక్రవారం ఫోన్లో రూబీ అరవలేదు, ఏడవలేదు. "ముద్రలో నిహాయీ అని ఉంది. అంటే ఆఖరిది, మళ్ళీ రావడం ఉండదు అని అర్థం. నాకు రెండో క్లాసులోనే నేర్పారు" అంది. "జున్నుకివ్వు ఫోను."

రూతు వంగి ఫోను నేల దగ్గర పెట్టింది. రూబీ గొంతు వినగానే వాడు గెంతాడు, మువ్వ మోగింది. అవతల పిల్ల ఏదో చెప్పుకుంది. తర్వాత పెట్టేసింది.

ఆ రోజునుంచీ ప్రతి శుక్రవారం అదే తంతు. వార్డెన్ క్రిస్టీనా మేడమ్ పిల్లని పిలుస్తుంది, పది నిమిషాలిస్తుంది. రూబీ తల్లితో "ఊ" అంటుంది. తండ్రితో "బాగున్నా డాడీ" అంటుంది. మిగతా తొమ్మిది నిమిషాలూ జున్నుకే.

రూతు మాత్రం ఏడవలేదు. ఏడవకూడదని పంతం పట్టిందా అంటే అదీ కాదు. రాలేదు. కాలు తిమ్మిరెక్కితే గిల్లినా తెలీదు చూడండి, మనిషంతా అలా అయిపోయింది. తినేది, రుచి తెలిసేది కాదు. వార్డులో ఓ ఫిలిప్పీనో పెద్దాయన పోతే ఆయన కూతురు రూతు భుజం మీద పడి వెక్కి వెక్కి ఏడ్చింది. రూతు ఆమె వీపు నిమురుతూ, ఇంటి దగ్గర ఆరేసిన బట్టలు తీశానా లేదా అని ఆలోచించింది. ఆలోచిస్తున్నానని తెలిసి కూడా సిగ్గు కలగలేదు.

రంజాన్ వెళ్ళిన వారంలో, ఓ పొద్దున జున్ను గోడకేసి చూస్తూ నిలబడిపోయాడు. పిలిస్తే తిరగలేదు. నోట్లోంచి చొంగ. ముందు పంజాతో నోరు గీరుకుంటున్నాడు, వెనక కాళ్ళు జారిపోతున్నాయి. రూతు ఒక్క చూపులో పోల్చింది. ఇలాంటి రోగుల్ని కొన్ని వందలమందిని చూసుంటుంది. గ్లూకోమీటరు తెచ్చి పంజా మెత్తమీద పొడిచింది. ముప్పై ఎనిమిది.

"షుగరు పడిపోయింది" అంటూ గ్లూకోజు పొడి వేలితో అద్ది చిగుళ్ళకి రాసింది. ఐదు నిమిషాల్లో జున్ను లేచి ఒళ్ళు దులుపుకుని, ఆదాము సాక్సు ఎత్తుకుపోయాడు.

"అద్గదీ! మా ఆవిడ చెయ్యి పడితే శవమైనా లేచి కూర్చోవాలి" అన్నాడు ఆదాము.

ఆ మెప్పే కొంప ముంచింది. పడిపోతే షుగరు పెట్టాలి, పడకుండా ఉండాలంటే ముందే పెట్టాలి, ఇదీ రూతు లెక్క. పూటకో చెంచా గ్లూకోజు నీళ్ళు, మధ్యలో మెదిపిన ఖర్జూరం. తలుపు వెనక వార్డులోలాగే చార్టు అతికించింది. టైము, షుగరు, ఏం తిన్నాడు, ఎంత పోశాడు. ప్రతి గడీ నిండాల్సిందే. మూడు వారాలు అలా పోషించింది. మొదట వారానికోసారి వచ్చిన మగత రోజూ రావడం మొదలైంది. వచ్చినకొద్దీ రూతు ఇంకో చెంచా పెంచింది.

"డాక్టరుకి చూపిద్దామే రూతూ" అన్నాడు ఆదాము.

"నేనేం గడ్డి పీకుతున్నానండీ ఇన్నేళ్ళూ? షుగరు చూడ్డం నాకు రాదా?"

పాపం, అతనికి మాత్రం ఏం తెలుసు? శుక్రవారం రూబీ "జున్ను ఎలా ఉన్నాడు?" అంటే, రూతు "రాయిలా ఉన్నాడు" అంది. ఇది రెండో అబద్ధం. ఆ పిల్లకి తల్లి మీద ఇంకా ఏదైనా నమ్మకం మిగిలుంటే అది జున్నుని చూసుకుంటోందన్న ఒక్క నమ్మకమే. వాడు పోతే అదీ పోతుంది. తర్వాత ఆ పది నిమిషాలు ఎవరికోసం? రూతు చార్టుని చూసినప్పుడల్లా ఇదే అనుకునేది. భయంగా కూడా ఉండేది కాదు. అంకెలా అనుకునేది.

నవంబరు మొదట్లో జున్ను ఫిట్సొచ్చి కొట్టుకుంటే ఇక లాభం లేదని ఖతీఫ్ ఊళ్ళో పశువుల డాక్టరు దగ్గరికి బయల్దేరారు. నర్సుల్ని క్లినిక్‌కి దింపే వ్యాను డ్రైవరు ఫక్రుద్దీన్ తీసుకెళ్ళాడు. రాయచోటి మనిషి. ఒళ్ళో బుట్టని అద్దంలోంచి చూసి నోరెళ్ళబెట్టాడు.

"ఏమక్కా, ముంగిసకు గూడా డాక్టరేనా? మా తట్టు ఇట్లాంటిది కనబడితే కోళ్ళగంప మీద రాయి పెడ్తారు."

"మా రూబీది ఇది" అంది రూతు.

"అట్లనా" అన్నాడు ఫక్రుద్దీన్. దారిలో గతుకులు వచ్చినచోటల్లా బండి నెమ్మది చేశాడు.

డాక్టరు సూడాన్ ఆయన. బయట బెంచీ దగ్గర గొర్రెలు, లోపల గొర్రెల వాసన. జున్నుని చూసి "అమ్మా, నేను మేకల డాక్టర్ని" అని ఇంగ్లీషులో నవ్వాడు. కానీ మంచివాడు. రియాద్‌లో ఇలాంటివాటిని చూసే స్నేహితుడికి ఫోన్ చేసి, అరగంట మాట్లాడి, కాగితం మీద రాసుకున్నాడు. క్లోమంలో గడ్డలు. అవి వద్దన్నా ఇన్సులిన్ పోస్తుంటాయి. తీపి పెట్టినకొద్దీ ఇంకా రెచ్చిపోయి పోస్తాయి. ప్రాణం మీదికి వచ్చినప్పుడు తప్ప తీపి తగలనివ్వకూడదు. నాలుగ్గంటలకోసారి మాంసం, ఈ మందు, అంతే.

"తీపి ఏమైనా పెట్టారా?"

"పెట్టాను."

"ఎన్నాళ్ళు?"

"మూడు వారాలు. రోజుకి ఆరుసార్లు."

ఆయన రూతు వేసుకున్న తెల్ల యూనిఫాం చూశాడు. చూసి, ఏమీ అనకుండా మందుచీటీ రాశాడు. నాలుగు తిట్టినా బాగుండేది. ఇన్సులిన్ గడ్డల సంగతి నర్సింగు మూడో సంవత్సరం పుస్తకంలో ఉంది, రూతు దాని మీద పరీక్ష కూడా రాసింది. మనుషుల్లో ఒక్కర్నీ చూడక మర్చిపోయింది. చేతిలో దీపం పెట్టుకుని గోతిలో దిగడమంటే ఇదే.

అక్కడినుంచి పదిహేను రోజులు రూతూ ఆదామూ షిఫ్టులు పంచుకుని ఆ ముంగిసకి చాకిరీ చేశారు. కోడిమాంసం ఉడికించి, మెత్తగా రుబ్బి, సిరంజితో నోట్లో పెట్టడం. సగం రూతు చేతిమీదే కక్కేవాడు. తోక వెంట్రుకలు రాలిపోయి ఎలకతోకలా అయింది. శుక్రవారాలు మాత్రం రూబీ గొంతు వినగానే ఎక్కడినుంచి వచ్చేదో ఓపిక, రెండు గెంతులు గెంతి కూలబడేవాడు.

ఇరవయ్యో తారీకు మంగళవారం, పొద్దున తొమ్మిదింటికి, సిరంజి నోట్లో ఉండగానే పోయాడు. రూతు గుండె మీద వేలుపెట్టి నిమిషం చూసింది. చార్టులో టైము రాసింది. వార్డులో చేసినట్టే తడిగుడ్డతో మూతి తుడిచి, కళ్ళు మూసి, మువ్వ విప్పింది. ఫ్రిజ్ జరిపితే వెనక పదకొండు సాక్సులు దొరికాయి. అందులో నీలంగీతల స్కూలు సాక్సు ఒకటి జున్ను పక్కన పెట్టి, దిండుగలీబులో చుట్టింది. సాయంత్రం ఆదాము ఊరి చివర ఇసకలో గొయ్యి తీశాడు. అతను ముక్కు చీదుకున్నాడు. రూతు గొయ్యి లోతు సరిపోయిందా అని చూసింది.

శుక్రవారం వచ్చింది. "జున్నుకివ్వు" అంది రూబీ.

రూతు ఫోను నేలదాకా వంచింది. రెండో చేత్తో జేబులోంచి మువ్వ తీసి ఊపింది.

ఆదాము నిర్ఘాంతపోయి చూశాడు. ఫోను పెట్టేశాక, "ఏంటే ఇది? పసిపిల్లతో ఆటలా?" అన్నాడు.

"మానేస్తే ఇంక మాట్లాడదండి."

"ఎన్నాళ్ళు ఊపుతావు?"

రూతు ఆ తర్వాతి శుక్రవారమూ ఊపింది. ఆ పై శుక్రవారమూ ఊపింది. అవతల రూబీ ఎప్పట్లాగే కబుర్లు చెప్పేది. లెక్కల టీచరు గురించి, పక్కమంచం పిల్ల గురక గురించి, సాంబారులో పురుగు గురించి. రూతు నేలమీద గొంతుక్కూర్చుని అవన్నీ వినేది. వినడానికి హక్కు లేనిదానిలా, గోడచాటు మనిషిలా వినేది.

నాలుగో శుక్రవారం ఊపుతోంది. "అమ్మా" అంది రూబీ.

జూన్ తర్వాత ఆ మాట అనడం అదే మొదలు. రూతు ఫోను చెవి దగ్గర పెట్టుకుంది.

"ఇంక మువ్వ ఊపక్కర్లేదమ్మా."

చెయ్యి ఆగిపోయింది.

"జున్ను ఆగి ఆగి గెంతుతాడు. నువ్వు ఆపకుండా ఊపుతావు. మొదటిసారే తెలిసిపోయింది నాకు."

"మరి... చెప్పలేదేమే?"

రూబీ చిన్న గొంతుతో, "వాడు లేడని నాకు తెలిసిపోయిందంటే, ఇంక నువ్వు ఫోన్ చెయ్యవేమోననుకున్నా" అంది.

రూతు ఏదో అనబోయింది. నోట్లోంచి మాట కాదు, అరుపులాంటిది వచ్చింది. వంటింట్లో ఆదాము చేతిలోని గిన్నె కింద పడేశాడు. ఆరు నెలలుగా ఎక్కడ గడ్డకట్టుకుని ఉందో, అంతా ఒక్కసారి తోసుకొచ్చింది. వెక్కుతూ, చీదుతూ, గ్లూకోజు సంగతి చెప్పింది, ఖర్జూరం సంగతి చెప్పింది. "నేనే చంపేశానే వాణ్ణి. నర్సునై ఉండి నేనే చంపేశా" అంది. ముద్ర సంగతి తనకి ముందే తెలుసనీ, ఆటో ఎక్కాక వెనక్కి తిరిగితే దిగిపోతానని తిరగలేదనీ చెప్పింది.

రూబీ కూడా ఏడుస్తోంది. ఇద్దర్లో ఎవరూ ఎవర్నీ ఊరుకోబెట్టలేదు. వార్డెన్ టైమైందని అంటున్నట్టుంది, రూబీ "ఇంకొక్క నిమిషం మేడమ్" అని బతిమాలింది.

"అమ్మా."

"ఆఁ."

"మళ్ళీ శుక్రవారం మువ్వ పక్కన పెట్టి ఫోన్ చెయ్యి. నీతోనే మాట్లాడతా."

"చేస్తా" అంది రూతు. ముక్కు తుడుచుకుంది. ఆరు నెలలుగా అడగడానికి నోరు రాని మాట ఒకటుంటే, అప్పుడు అడిగింది. "ఇవాళ ఏం తిన్నావే?"