రెండు డిగ్రీల తేడా

నాలుగో స్క్రూను అరచుట్టు తిప్పి ఆగింది యుయెతావ్. ఎదురు మూలలోని దాన్ని మరో అరచుట్టు బిగించింది. మళ్ళీ ఇటు పావు, అటు పావు. కూలర్ నాలుగు మూలలా సమంగా కూర్చుందో లేదో చూసుకోవడానికి ఆమెకు కొలబద్ద అక్కర్లేదు, వేళ్ళకే తెలుస్తుంది. రెండు రేకుల గోపురాల మధ్య ఇరుకు సందులోంచి మణికట్టు వంచి, ఒక్క రేకంచు కూడా తగలకుండా చెయ్యి బయటికి లాక్కుంది. అలా లాక్కోవడం నేర్చుకునేలోపు ఎన్ని గాట్లు పడ్డాయో ఆమె చూపుడువేలే చెబుతుంది.

"కూర్చుంది. ఇక మీట నొక్కు బాబూ," అంది.

కో జెన్‌బాంగ్ మీట నొక్కాడు. ముప్ఫై మూడేళ్ళ ఇంజనీరు, కూలర్ల రూపకల్పన అంతా అతని చేతిమీదే నడుస్తుంది. మంచివాడే, కాకపోతే తాను గీసిన బొమ్మ మీద ఈగ వాలినా ఊరుకోడు.

కంప్యూటర్‌లోని ప్రాసెసర్ పని చేస్తున్నంతసేపూ పొయ్యి మీది పెనంలా కాలుతుంది. దాని నెత్తిన కూర్చుని, ఆ వేడిని రాగి గొట్టాల్లోకి లాగి, పల్చటి రేకులకు పంచి, ఫ్యాన్‌తో ఊదేసేదే కూలర్. తైపే పక్కనే ఝోంగ్‌హెలో ఉన్న ఈ కంపెనీ అది తప్ప మరొకటి చెయ్యదు. నాలుగో అంతస్తు పరీక్షగదిలో ముప్ఫై ఒక్క ఏళ్ళుగా యుయెతావ్‌ది ఒకటే పని. ప్రాసెసర్ మీద వేడిని అందించే బూడిదరంగు పేస్టు పూసి కూలర్ ఎక్కించడం, యంత్రాన్ని వేడెక్కించడం, అంకె రాయడం, దించడం, తుడవడం, మళ్ళీ ఎక్కించడం. యంత్రం బుద్ధిగా మాట వినాలని, అక్కడి నమ్మకం ప్రకారం, దాని మీద ఆకుపచ్చ చిరుతిండి పొట్లం పెట్టడం, పొట్లం గడువు దాటకముందే మార్చడం కూడా ఆమె పనే.

యున్‌లిన్ వెల్లుల్లి పొలాల నుంచి పదిహేడో ఏట తైపే వచ్చింది. రేడియోల ఫ్యాక్టరీలో తీగచుట్టలు చుట్టింది, తర్వాత టీవీల ఫ్యాక్టరీలో టంకం పెట్టింది. ఆ ఫ్యాక్టరీ జలసంధి దాటి అవతలి చైనాకి వెళ్ళిపోతే ఇక్కడికొచ్చి పడింది. ఇప్పుడు అరవై అయిదు. పొట్టి మనిషి, మెడలో దారానికి వేలాడే కళ్ళజోడు, మోచేతులదాకా తొడుక్కున్న గళ్ళ చేతితొడుగులు. నోట్లో నాలుక లేని మనిషని కంపెనీలో పేరు. సమావేశంలో ఆమె గొంతు విన్నవాళ్ళు లేరంటే నమ్మాలి.

రేపట్నుంచి ఆమె రాదు. ఇవాళే ఆఖరి రోజు.

ఇవాళే ఇంకోటి కూడా తేలాలి. వచ్చే సంవత్సరం అచ్చులు చేయించి వేలల్లో తయారుచేసే కూలర్ ఏదో యజమాని ఝాన్ పెద్దాయన మధ్యాహ్నం తేల్చేస్తాడు. బల్ల మీద ఉన్నవి రెండే. మొదటిది కో గీసిన జోడు గోపురాలది, రెండు ఫ్యాన్లతో చూడ్డానికి ఠీవిగా ఉంటుంది. రెండోది ఒంటి గోపురం. అందులో మూడు మార్పులున్నాయి, మూడూ యుయెతావ్‌వే. రేకుల అంచులు కోసుకోకుండా మడిచారు. స్క్రూ డ్రైవర్ తిన్నగా దిగేలా రేకుల నడుమ దారి వదిలారు. అడుగున గీతలు పడకుండా అంటించే పల్చటి పొరకు పొడుగాటి తోక పెట్టారు, దాన్ని పీకి పారేయందే స్క్రూ దిగదు. ఈ మూడూ తొమ్మిదేళ్ళుగా సలహా చీటీల మీద రాసి పెట్టెలో వేస్తూనే ఉంది. తొమ్మిదేళ్ళూ అవి ఏ సొరుగులోకి పోయాయో పోయాయి. 'పాపం, వెళ్ళిపోతోంది కదా, అక్క ముచ్చట ఒక్కసారి తీరుద్దాం' అని కో పోయిన వారం ఒక నమూనా చేయించాడు. ఇవాళ అది నెగ్గకపోతే రేపు దాని ఊసెత్తేవాళ్ళు ఉండరు. ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు.

పొద్దున గుడ్డు అట్టు తింటున్నప్పుడు మొగుడు షెంగ్ అననే అన్నాడు. "ముప్ఫై ఏళ్ళు నా మీద పడ్డావు కానీ ఆఫీసులో ఏనాడైనా నోరు తెరిచావా? ఇవాళైనా తెరువు." సిటీ బస్సు నడిపి రిటైరైనవాడు, అతని గొంతు సందు చివరిదాకా వినిపిస్తుంది.

"తావ్ అక్కా, డెబ్బై ఒకటి!" అని అరిచాడు కో. తెర మీద వేడి డిగ్రీల అంకె కదలకుండా నిలబడింది. అది ఎంత తగ్గితే కూలర్ అంత మేలు.

డెబ్బై ఒకటి అని కాగితం మీద రాసింది. ఇందాక నాలుగో స్క్రూ దగ్గర ఒక్క క్షణం వేలు ఆగిన మాట నిజం. ఆ ఆఖరి పావుచుట్టు తిప్పకపోతే జోడు గోపురాలకి మూడు డిగ్రీలు పెరిగేవి, ఎవరికీ తెలిసేది కాదు. ఛీ, ఈ వయసులో ఇదేం బుద్ధి అని తనను తానే తిట్టుకుని తిప్పేసింది. తన కూలర్ నెగ్గితే తిన్నగా నెగ్గాలి, లేకపోతే లేదు.

తర్వాత ఒంటి గోపురాన్ని ఎక్కించింది. చెయ్యి తిన్నగా దిగి తిన్నగా వచ్చింది. ఎంత హాయిగా ఉందో! అరగంట తర్వాత అంకె డెబ్బై మూడు దగ్గర ఆగింది.

"రెండు డిగ్రీలే అక్కా. చాలా దగ్గరికొచ్చింది, నిజం చెప్తున్నా," అన్నాడు కో. గెలిచినవాడి జాలి అది. యుయెతావ్ తల ఊపి అంకె రాసింది.

పన్నెండున్నరకి అన్నం డబ్బాలు ఖాళీ చేసి, దీపాలు ఆర్పి, అందరూ బల్లల మీద తలవాల్చి కునుకు తీశారు. యుయెతావ్ కూడా రోజూ తీసేది. ఇవాళ ఆ చీకట్లో కళ్ళు తెరుచుకునే ఉంది. చెప్పాల్సిన మాట ఒకటుంది. అది గొంతుదాకా వస్తుంది, మళ్ళీ దిగిపోతుంది. తన ఊళ్ళో చెరకు బండి వెనక పరిగెత్తిన పిల్లకి ఇంత పిరికితనం ఎక్కణ్ణుంచి వచ్చిందా అని ఆమెకు ఒళ్ళు మండింది.

ఒకటిన్నరకి ఝాన్ పెద్దాయన వచ్చాడు. డెబ్బై దాటినవాడు, చొక్కా జేబులో మూడు పెన్నులు. వెంట అమ్మకాలు చూసుకునే తూ మిన్‌రూ.

"పెట్టె మీద బొమ్మ చూస్తేనే అదిరిపోవాలి సార్. జోడు గోపురాలైతే కొనేవాడి కళ్ళు అక్కడే అతుక్కుంటాయి," అంది మిన్‌రూ.

"చల్లదనం కూడా దానిదే పైచెయ్యి. డెబ్బై ఒకటి, డెబ్బై మూడు. తావ్ అక్క స్వయంగా ఎక్కించింది," అన్నాడు కో.

"అయితే ఇంకేం," అంటూ ఝాన్ పెన్ను తీసి, మాటవరసకి అడిగాడు. "అంకెలు సరైనవేగా తావ్?"

"సరైనవే అయ్యగారూ." ఆమె అక్కడితో ఆగాలి. ముప్ఫై ఒక్క ఏళ్ళూ అక్కడితోనే ఆగింది. "కానీ అవి కూలర్ల అంకెలు కావు. నా చేతులవి."

పెద్దాయన పెన్ను గాల్లోనే ఉండిపోయింది.

"అంటే?"

"ఇరుకు సందులో చెయ్యెట్లా పెట్టాలో నాకు తెలుసు. ఏ స్క్రూ ఎంత తిప్పాలో తెలుసు. చెడ్డ కూలరైనా నా చేతిలో మంచిదిలాగే కూర్చుంటుంది. కొనుక్కుని ఇంట్లో బిగించుకునేవాళ్ళకి నా చేతులుండవు కదండీ." బల్ల మీది రెండు కూలర్లనూ వాళ్ళ వైపు జరిపింది. "మీరే ఎక్కించి చూడండి. ముగ్గురూ. నేను ముట్టుకోను." రెండు చేతులూ ఏప్రన్ జేబుల్లో దోపుకుని గోడకు ఆనుకుంది.

"అక్కా, పరీక్షకో పద్ధతి ఉంటుంది..." అని మొదలెట్టాడు కో.

"పద్ధతి తర్వాత. ముందు నువ్వు కానియ్," అన్నాడు ఝాన్.

కో చొక్కా చేతులు మడిచాడు. అప్పుడే పెట్టెలోంచి తీసినట్టు ఉండాలని ప్రతి వంతుకీ ముందు కూలర్ అడుగు తుడిచి కొత్త పొర అంటించాడు. తాను గీసిన జోడు గోపురాలు, తనకి తెలియని స్క్రూ ఏముంటుంది? రెండో స్క్రూ దగ్గరే చేతిలోంచి జారి యంత్రంలో పడింది. యంత్రాన్ని బోర్లించి దులిపాడు. మూడోదానికి చెయ్యి పెట్టి "అబ్బా!" అని లాక్కున్నాడు, బొటనవేలు తెగి రక్తం. గుడ్డ చుట్టుకుని మొత్తానికి బిగించాడు. డెబ్బై ఆరు. తర్వాత ఒంటి గోపురం ఎక్కించాడు. అయిదు నిమిషాల్లో అయిపోయింది. డెబ్బై మూడు.

మిన్‌రూ జన్మలో కూలర్ ఎక్కించలేదు. వందలకొద్దీ అమ్మిందంతే. జోడు గోపురాలను ఒక పక్కకి ఒరగబెట్టి బిగించింది. ఎనభై రెండు. ఒంటి గోపురానికి డెబ్బై నాలుగు.

"నాకే వచ్చేసింది!" అని చప్పట్లు కొట్టుకుని, కో మొహం చూసి చేతులు దించేసింది.

"జరగండి, జరగండి. మీ తాతలనాడే నేను చేత్తో రేకులు కోశాను," అంటూ ఝాన్ పెద్దాయన చొక్కా చేతులు పైకి మడిచాడు. నాలుక బయటపెట్టి, చెమటలు కక్కుతూ, ఎవర్నీ సాయం రానీకుండా జోడు గోపురాలను బిగించాడు. నిజంగానే బాగా బిగించాడు. మీట నొక్కాడు. అంకె ఎనభై, తొంభై, తొంభై ఎనిమిది. వేడికి తట్టుకోలేక యంత్రం తనంతట తానే ఆగి, టప్పున తెర నల్లబడింది.

"ఏమైంది? యంత్రం పాడైందా?" అన్నాడు పెద్దాయన.

కో కూలర్ దించి తిరగేశాడు. అడుగున పల్చటి పొర, వేడిని పైకి పోనీయకుండా, అంటుకునే ఉంది. దాని మీద ఎర్ర అక్షరాల్లో 'బిగించే ముందు తీసివేయండి' అని రాసి ఉంది. ఆ ఎర్ర అక్షరాలు రాయించింది ఝాన్ పెద్దాయనే.

మిన్‌రూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కో నేల చూపులు చూశాడు. పెద్దాయన ఆ పొరను కళ్ళ దగ్గర పెట్టుకుని చదువుకున్నాడు, చదువుకుని ఒక్కసారిగా నవ్వాడు. బల్ల మీద చరిచి మరీ నవ్వాడు, కళ్ళనీళ్ళొచ్చాయి. "నలభై ఏళ్ళ వ్యాపారం! నా కూలర్ నాకే బిగించడం రాదు!" అన్నాడు.

ఒంటి గోపురం చేతికి తీసుకున్నాడు. స్క్రూ పెట్టబోతే ఏదో అడ్డమొచ్చింది. "ఈ తోకేంటి మధ్యలో?"

"అదే ఆ పొర అయ్యగారూ. అది పీకితేనే స్క్రూ దిగుతుంది," అంది యుయెతావ్.

పెద్దాయన తోక పట్టుకుని సర్రున పీకాడు. బిగించాడు. ఈసారి అందరూ తెర వంకే కళ్ళప్పగించి నిలబడ్డారు. డెబ్బై మూడు దగ్గర అంకె ఆగింది. జేబుల్లోంచి చేతులు బయటికి తీసింది యుయెతావ్, ఎందుకో వాటిని ఏం చెయ్యాలో తెలియలేదు.

"ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదు తావ్?" అన్నాడు ఝాన్.

"వేడెంత అని అడిగేవారు, చెప్పేదాన్ని. ఎక్కించడం ఎలా ఉందని ఎవరూ అడగలేదండీ. చీటీలు మాత్రం రాశాను."

కో చుట్టుకున్న గుడ్డ వైపు చూసుకుంటూ నెమ్మదిగా అడిగాడు. "నేను చేసిన మొదటి కూలర్ కూడానా అక్కా? దానికి బహుమతి వచ్చింది."

"దానికి నాకు మూడు కుట్లు పడ్డాయి బాబూ."

అతని మొహం ఎర్రబడింది. తర్వాత రెండు చేతులూ తొడలకి ఆనించి, పూర్తిగా వంగి నమస్కారం పెట్టాడు. యుయెతావ్ కంగారుగా "ఛ, లే బాబూ, ఏంటిది," అంది. కానీ లోపల ఆమెకు పండగలా ఉంది. ఆ సంతోషాన్ని దాచుకోవాలనిపించలేదు. పళ్ళన్నీ కనబడేలా నవ్వింది.

కంపెనీలో ఒక ఆచారం ఉంది. ఎంపికైన నమూనాకి తెల్ల చీటీ అంటించి, దాని మీద సంతకం చేసి, గాజుపెట్టెలో ముద్రవేసి కింది అంతస్తులో ఉంచుతారు. అచ్చునుంచి వచ్చే ప్రతి విడతనూ దానితోనే పోల్చి చూస్తారు. సంతకం ఎప్పుడూ రూపకల్పన అధికారిదే. కో చీటీ అంటించి, పెన్ను తీసి, మూత తీసి, యుయెతావ్ ముందుకి చాపాడు.

ఆమె పెద్దాయన వంక చూసింది. "చూస్తావేం, రాయి. నీ కూలరేగా," అన్నాడు ఆయన.

చ్యూ యుయెతావ్. చైనా లిపిలో మూడు అక్షరాలు, బళ్ళో పలక మీద రాసినంత పెద్దగా, ఒత్తి ఒత్తి రాసింది.

అయిదున్నరకి మిన్‌రూ తెచ్చిన కేకు కోశారు. ఎవరూ ఉపన్యాసమివ్వలేదు. కో, పెద్దాయన కేకు పళ్ళాలు చేతిలో పట్టుకునే అచ్చుల గురించి వాదులాటలో పడ్డారు. యుయెతావ్ యంత్రం ఆపి, బల్ల తుడిచి, ఏప్రన్ మడిచి, వాళ్ళ మాటలకి అడ్డం రాకుండా తలుపు దగ్గరగా వేసి మెట్లు దిగింది. బస్సు స్టాపులో షెంగ్‌కి ఫోన్ చేసి "తెరిచాను," అంది. అవతలి నుంచి వచ్చిన కేకకి పక్కనున్న ఇద్దరు తిరిగి చూశారు. బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంది.

కింది అంతస్తు అల్మారాలో, పెద్దపెద్ద ఇంజనీర్ల సంతకాలున్న గాజుపెట్టెల వరస చివర, ఒంటి గోపురం కూలర్ కూర్చుని ఉంది. దాని తెల్ల చీటీ మీద మూడు అక్షరాల పేరు, ఆ పేరు చివర తడి ఆరని పేస్టుతో పడిన ఆమె బూడిదరంగు బొటనవేలి ముద్ర.