వంతెన దాటిన పళ్లు

వెనిస్‌లో బెల్లిని అనే ఇంటిపేరు చిన్నదేం కాదు. ఆ పేరుతో ఇక్కడి చిత్రకారుడొకరు రంగులు కలిపారు, వేరే ఊరి సంగీతకారుడొకరు రాగాలు కలిపారు. జాత్తెరె గట్టు మీద బుల్లి బారు నడిపే ఓర్సొలా బెల్లినికి మాత్రం రసాలు కలపడమే వచ్చు. తెల్ల పీచుపళ్ల గుజ్జు, దానిమీద నురగలు కక్కే వైను. ఆ పానీయం పేరూ బెల్లినియే.

చలికాలమంతా ఆమె మంచాన పడితే వీధివాళ్లు వంతులేసుకుని సూపు తెచ్చిపోశారు. అందుకే, వెనకటి ప్లేగు పోయినందుకు ఊరంతా దేవుడికి దండం పెట్టుకునే రెదెంతోరె పండుగనాడు వాళ్లకి తలా ఓ గ్లాసు పోస్తానని మాటిచ్చింది. ఆరింటికల్లా పళ్లు తెమ్మని పడవ నడిపే మొమికి చెప్పింది.

ఆరు దాటింది. ఫోను మోగింది.

"అక్కా, ఎదురొడ్డున జుదెక్కాలో ఉన్నా. నువ్వు కనిపిస్తున్నావు కూడా."

"కనిపిస్తే రావేం?"

"ఎట్లా రాను? కాలవ మూసేశారు. పండుగ సాయంత్రం పడవని రమ్మనేదాన్ని నిన్నే చూశాను."

ఓర్సొలా నాలుక కరుచుకుంది. ఏటా ఆ కాలవ మీదే ఎదురొడ్డునున్న గుడికి తేలే వంతెన కడతారు, పడవలు ఆపేస్తారు. యాభై ఎనిమిదేళ్లుగా చూస్తున్నదే. జబ్బు పోతూ పోతూ బుర్రనీ వెంటబెట్టుకు పోయినట్టుంది.

"దానికేం, వంతెన తెరవగానే గుడికి పోతాంగా," అంది పక్కింటి కాటీనా ముసలమ్మ. "వచ్చేటప్పుడు తలా నాలుగు పట్టుకొస్తాం."

"నేనిచ్చే విందుకి మీచేత మోయించనా, పిన్నీ?"

"చలికాలమంతా సూపుగిన్నె మోశాం. పండు బరువటే? నీ పీచుపండులో పీచు కూడా ఉండదాయె."

వీధి వీధంతా వెళ్లి, కొవ్వొత్తులు వెలిగించి, టోపీల్లో, రుమాళ్లలో పళ్లతో తిరిగొచ్చింది. తెడ్లు చెక్కే అల్వీజె జేబులు ఉబ్బించుకుని బాతులా నడిచొచ్చాడు. అతను తెచ్చిన పళ్లలో ఒకటి సగం కొరికి ఉంది.

"బరువు తగ్గిద్దామని," అన్నాడు.

ఓర్సొలా పళ్లన్నీ జల్లెడ మీద చేత్తోనే పిసికింది. అందరికీ పోసింది. వారం నుంచీ కూర్చుకున్న థాంక్సు మాటలు పక్కనపెట్టి గ్లాసులే అందించింది. ఎవరూ అడగలేదు కూడా, తాగే తొందరలో ఉన్నారు.

కాటీనా చివరి గ్లాసు ఆమె ముందుకి తోసింది. "తాగి బయల్దేరు. బారు మేం చూస్తాం. ఇవాళ వంతెన దాటనిది నువ్వొక్కదానివే."

గుడిలో ఓర్సొలా చేతులు జోడించింది. పండ్ల రసానికి అవి ఒకదానికొకటి అంటుకుపోయాయి. విడదీయాలన్న తొందర ఆమెకేమీ కలగలేదు.