జంటవాడి సొరబుర్ర

తన జంటవాడు టీ తాగుతున్నాడన్న సంగతి, తకువారెంబో ఊరికి వచ్చిన మరునాటి తెల్లవారుజామునే రూలన్ టోల్మన్ కంటబడింది. జులై నెల, భూమధ్యరేఖకు దిగువనున్న ఆ దేశంలో అది నడి చలికాలం. వదిలిన ఊపిరి గదిలో పొగలా నిలుస్తున్నది. దుప్పటి అంచు తొలగించి చూడగా, కిటికీ దగ్గర ఆ జంటవాడు కిరోగా వీపు తిప్పి కూర్చొని ఉన్నాడు. చంకలో వేడినీళ్ళ ఫ్లాస్కు, చేతిలో ఎండిన సొరకాయ బుర్ర. బుర్ర నిండా కుక్కిన ఆకుపొడి మీద నీళ్ళు వంచి, ఒక సన్నని లోహపు గొట్టాన్ని నోట పెట్టుకొని నింపాదిగా పీలుస్తున్నాడు. తడిసిన ఎండుగడ్డి వంటి వాసన గదిని కమ్ముకొన్నది.

ఆకు, వేడినీళ్ళు. టీ కాకపోతే మరేమిటి?

"లేచావా ఎల్డర్? నువ్వూ తాగుతావా? వెచ్చగా ఉంటుంది," అన్నాడు కిరోగా, తమ సంఘపు పిలుపుతో, వెనుదిరిగి నవ్వుతూ.

"వద్దు. కడుపు బాగాలేదు," అన్నాడు రూలన్. అతని కడుపు నిక్షేపంగా ఉన్నది.

మోర్మన్ సంఘంలో పుట్టినవానికి మద్యం, పొగాకు, టీ, కాఫీ నిషిద్ధాలన్నది ఉగ్గుపాలతో అబ్బే నియమం. అమెరికాలోని ఐడహోలో బంగాళాదుంప చేల నడుమ పెరిగిన రూలన్ ఇంట టీ గిన్నె అనే వస్తువే ఎరుగరు. దైవవాక్కును దేశాంతరాలలో చాటడానికి రెండేళ్ళ సేవకై బయలుదేరిన నాడు, అణుమాత్రమైనా తప్పనని అతడు తన సంఘపు పెద్ద చేతిలో చేయి వేసి మాట ఇచ్చాడు. అటువంటివానికి నడవడి నేర్పవలసిన గురుస్థానంలో నియమితుడైన జంటవాడు, పొద్దు పొడవకముందే నిషిద్ధం సేవిస్తూ కనబడ్డాడు! అంతటితో ఆగక, తనను కూడా పొత్తుకు పిలిచాడు!

జంట అంటే మాటలు కాదు. సేవలో ఉన్నన్నాళ్ళు ఒకరి కనుచూపును దాటి మరొకరు పోరాదు. ఒకరి నడతకు మరొకరు కాపరి. కాపరి చూచినది చెప్పకపోతే పాపంలో పాలివాడవుతాడు. చెబితేనో, కిరోగాను సేవ మధ్యలో ఇంటికి పంపివేస్తారు. అర్జెంటీనాలోని తుకుమాన్ చెరకుతోటల పల్లె నుండి ఈ సేవకు వచ్చిన మొట్టమొదటివాడు అతడే. గడువు నిండకుండా తిరిగి వెళ్ళినవాడు తన సంఘంలో ఇక తలెత్తుకొని తిరగలేడు. ఆ సంగతి రూలన్‌కు తెలియనిది కాదు.

అనుమానం ఒకసారి గూడు కట్టుకొంటే ప్రతి పుల్లా దానికే పనికివస్తుంది. ఆకుపొడి పొట్లం బియ్యం డబ్బా వెనుక కనబడితే, దాచాడనుకొన్నాడు. ప్రార్థనలో కిరోగా గొంతు గద్గదమైతే, నటన అనుకొన్నాడు. రాత్రి తన దుప్పటి కూడా రూలన్ మీద కప్పి అతడు చలికి ముడుచుకొని పడుకొంటే, నోరు మూయించడానికి ఇస్తున్న లంచమిది అనుకొన్నాడు. మిషన్ అధ్యక్షుడు విట్లాక్ ఆ శనివారం మోంతెవిదేయో నగరం నుండి వచ్చి కుర్రవాళ్ళను ఒక్కొక్కరినే పిలిచి మాట్లాడతాడు. అప్పుడు చెప్పివేయాలని నిశ్చయించుకొన్నాడు.

ఈలోగా ఒక వాన సాయంత్రం కిరోగా అతనిని కసియానో ఇంటికి తీసుకుపోయాడు. కసియానో రైల్వేలో పనిచేసి విరమించిన ముసలివాడు. దేవుడితో పేచీ ఉన్నవాడు. చెల్లెలు ఎతెల్వీనా మాత్రం వీళ్ళు చెప్పే వాక్యం శ్రద్ధగా వింటుంది.

"ఏమోయ్ కిరోగా, మళ్ళీ కొత్తవాణ్ణి తెచ్చావా? పాత పొడుగోడు ఏమయ్యాడు?"

"వేరే ఊరికి మార్చారు తాతా. ఇతను ఎల్డర్ టోల్మన్."

"ఎల్డరంటే పెద్ద అనేగా మీ లెక్కలో? మూతిమీద నూగు కూడా రాలేదు, పెద్దట పెద్ద!"

"ఊరుకో అన్నయ్యా, పిల్లాడు వణికిపోతున్నాడు. ఇలా పొయ్యి దగ్గరకు రా నాయనా," అని ఎతెల్వీనా అప్పుడే కాగిన కొవ్వులో వేయించిన రొట్టెలు ముందు పెట్టింది. రూలన్ ఆకలిగా తిన్నాడు.

అప్పుడు కసియానో సొరబుర్ర బయటకు తీశాడు. మొదట తాను తాగి, మళ్ళీ నీళ్ళు వంచి చెల్లెలికి ఇచ్చాడు. ఆమె చివరి చుక్క దాకా పీల్చి తిరిగి ఇచ్చింది. మళ్ళీ నింపి కిరోగాకు అందించాడు. అన్యుల ఎదుట, ఏ జంకూ లేకుండా, అదే గొట్టంతో కిరోగా తాగాడు. తరువాతి వంతు రూలన్‌ది.

"నాకు వద్దండి. కడుపు బాగాలేదు."

"కడుపు బాగాలేనివాడు అన్ని రొట్టెలు ఎట్లా మింగాడమ్మా!" అన్నాడు కసియానో. ఎతెల్వీనా నవ్వింది. ముసలివాడు నవ్వలేదు. చాచిన చేతిని వెనక్కు తీసుకొని, బుర్రను ఒడిలో పెట్టుకొన్నాడు.

"తాగడు. మాట్లాడడు. మూల కూర్చుని అందర్నీ చూస్తాడు. ఇస్త్రీ చొక్కా ఒకటి! మా ఊళ్ళో చూసేవాళ్ళకి కరువొచ్చిందా, అమెరికా నుంచి ఒకడు దిగాలా? మా మేనల్లుడు, ఇదిగో దీని కొడుకు, బల్తసార్‌ని మిలిటరీవాళ్ళు పట్టుకుపోయారు, నీకు చెప్పాడా ఇతను? ఎవడో చూశాడు, ఎవడికో చెప్పాడు. అంతే. ఏం అబ్బాయ్, నువ్వు చూసింది ఎవరికి చెబుతావు?"

ఎతెల్వీనా చేతిలోని గరిటె నిలిచిపోయింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకొన్నట్టు, రూలన్ చేయి తనకు తెలియకుండానే జేబు మీద తగిలించుకొన్న నల్లని పేరుబిళ్ళ మీదికి పోయింది.

"మీ అనుమానం మీరూ! ఇతను పొలంలో పుట్టిన అమాయకుడు తాతా. నాది పూచీ," అన్నాడు కిరోగా.

ఆ మాట రూలన్‌కు ముల్లులా గుచ్చుకొన్నది. అయినా నిశ్చయం సడలలేదు. పూచీ పడేవాడు కూడా ఏదో ఆశించే పడతాడని మనసు వెంటనే బదులు చెప్పింది.

శనివారం ప్రార్థనకై అద్దెకు తీసుకొన్న ఇంటి వెనుక గదిలో అధ్యక్షుడు కూర్చొన్నాడు. వానకు ఉబ్బిన తలుపు సరిగా మూసుకోలేదు. బయట బల్ల మీద కిరోగా తన వంతుకై వేచి ఉన్నాడు. రూలన్ ఇంగ్లీషులో అంతా చెప్పాడు: తెల్లవారుజాము, పొట్లం దాచిన చోటు, అన్యుల ఇంట్లో సిగ్గువిడిచి తాగడం. చెబుతున్నంతసేపు గుండె తేలిక కావలసింది, రాయిలా బరువెక్కింది.

విట్లాక్ అంతా విని, కాళ్ళ దగ్గరి సంచిలో నుండి ఒక ఫ్లాస్కు, ఒక సొరబుర్ర తీసి బల్ల మీద పెట్టాడు.

"దీని గురించేనా?"

రూలన్ తలాడించాడు.

"దీన్ని మాతే అంటారు బాబూ. టీ చెట్టు వేరు, ఈ చెట్టు వేరు. మనకు వద్దన్నది ఆ టీ, కాఫీ. ఇది ఇక్కడి మన విశ్వాసులంతా తాగుతారు. నీకెవరూ చెప్పలేదా? సరే, నువ్వు కిరోగాని అడిగావా?"

"లేదండి."

"తప్పు చేశాడనుకుంటే ముందు అతన్ని ఒంటరిగా కలిసి అడగమనే కదా మనకు నేర్పింది. ఏం, ఎందుకు అడగలేదు?"

రూలన్ లేచి, ఉబ్బిన తలుపును లాగాడు. బయటికి వచ్చేసరికి కిరోగా లేచి నిలబడి ఉన్నాడు. అతనికి ఇంగ్లీషు రాదు. కాని తన పేరు, దాని పక్కన మాతే అన్న పేరు ఎవరికైనా అర్థమవుతాయి.

తిరిగివచ్చే దారిలో కిరోగా నాలుగడుగులు ముందే నడిచాడు. చివరికి ఆగి అన్నాడు: "నన్నే అడిగితే నీ సొమ్మేం పోయేది?"

"నువ్వు అబద్ధం చెబుతావనుకున్నాను."

"కడుపు నొప్పి ఎవరిదిరా, నీదా నాదా?"

ఆ సాయంత్రం కసియానో ఇంటి పొయ్యి చుట్టూ సొరబుర్ర యథాప్రకారం చేతులు మారుతున్నది. రూలన్ దగ్గరకు వచ్చేసరికి మాత్రం, అక్కడెవరూ లేనట్టుగా దాటి పోతున్నది. రెండుసార్లు అలా దాటిన పిమ్మట అతడు చేయి చాచాడు.

"నాకూ ఇస్తారా?"

"కడుపు బాగైందా?" అన్నాడు కసియానో.

"కడుపు ఎప్పుడూ బాగానే ఉందండి. అబద్ధం చెప్పాను. ఇది తాగకూడదనుకుని... ఇతని మీద మా అధ్యక్షుడికి చెప్పాను. ఇతనికి తెలియకుండా."

ఆ ఇంట అనకూడని మాట ఏదైనా ఉన్నదంటే అది అదే. కసియానో ఫ్లాస్కు కింద పెట్టాడు.

"నిజమేనా కిరోగా?"

"నిజమే తాతా."

"మరి ఇంకా పక్కన కూర్చోబెట్టుకున్నావేం?"

"కూర్చోక తప్పదు. మాకదో నియమం," అన్నాడు కిరోగా. అతని ముఖంలో నవ్వు లేదు.

"నేను మొదటి రోజే చెప్పాను. వీడు వేగు అని. లే! లేచి బయటికి నడు!"

రూలన్ లేచాడు. తలుపు దాకా వెళ్ళాడు. కిరోగా కూడా లేవబోయాడు, జంటను విడిచి ఉండరాదు గనుక. అప్పుడు ఎతెల్వీనా అన్నది:

"ఆగు నాయనా. అన్నయ్యా, నా బల్తసార్ సంగతి చెప్పినవాడు ఈ వీధివాడేనని నీకూ తెలుసు, నాకూ తెలుసు. వాడు ఒక్కనాడన్నా నా గుమ్మం తొక్కాడా? నా ముఖం చూసి, నేనే చెప్పానమ్మా అన్నాడా?"

ఆమె అన్న ఒడిలో నుండి సొరబుర్ర తీసుకొని, తానే నీళ్ళు వంచి, తలుపు దగ్గరకు తెచ్చి రూలన్ చేతికి ఇచ్చింది. అంతవరకు ముగ్గురి పెదవులు తాకిన గొట్టం. అతడు దానిని తుడవలేదు. పీల్చాడు. నాలుక కాలింది, వేపాకు నమిలినంత చేదు కళ్ళలో నీళ్ళు తెప్పించింది.

"అడుగంటేదాకా తాగాలి," అన్నాడు కసియానో తన చోటి నుండే. అతని చూపులో అనుమానం ఇంకా అలాగే ఉన్నది. "నేను చూస్తుంటాను."

రూలన్ తాగాడు. కిరోగా కొంచెం జరిగి బల్ల మీద చోటు ఇచ్చాడు.