చీమలు ముట్టని తీపి

ఆమె టీలో పంచదార కలుపుకుంటున్నంతసేపూ ఆయన గోడవైపు తిరిగి బూట్ల తాళ్ళు కట్టుకుంటాడు. అది వాళ్ళిద్దరి మధ్యా ఎవరూ పెట్టకుండానే ఏర్పడిన నియమం. పంచదార డబ్బా వంటింట్లో ఉండదు. పడకగదిలో బట్టల బీరువాలో, దుప్పట్ల వెనకాల ఉంటుంది. తాళంచెవి ఆమె మెడలో గొలుసుకు వేలాడుతుంది. దాని ధర్మమా అని ఇంట్లో బట్టలన్నిటికీ చీమలు పట్టాయి. చొక్కా రెండుసార్లు దులిపిగాని తొడుక్కోకూడదని ఆయన ఎప్పుడో నేర్చుకున్నాడు.

"మాత్ర వేసుకున్నారా?"

"వేసుకున్నా."

"అక్కడ ఎవరైనా ఏదైనా తీపి పెడితే?"

"తినను."

"ఒట్టు?"

"రోజూ పెట్టించుకుంటే ఒట్టు కూడా అరిగిపోతుందే. ఒట్టు, సరేనా."

ఆమె చాదస్తానికి కారణం లేకపోలేదు. ఆయన అన్నగారు ఇదే చక్కెర జబ్బుతో ముందు బొటనవేలు, తర్వాత పాదం, ఆ తర్వాత మోకాలిదాకా కాలు విడతలవారీగా ఆసుపత్రికి ఇచ్చుకుంటూ వచ్చి, చివరికి మిగిలిన మనిషిని కూడా ఇచ్చేశాడు. అది కళ్ళారా చూసి వచ్చిన రోజునే ఆమె మొగుడి చెయ్యి లాక్కుని తన నెత్తిమీద పెట్టుకుంది. ఇక పంచదార ముట్టనని ఆయన చేత అనిపించింది. అన్న మాట నిలబెట్టుకున్నాడు. మనవరాలు పుట్టిన రోజున అందరి నోళ్ళూ తీపి చేసి, తాను మంచినీళ్ళు తాగి కూర్చున్నాడు. గోదాములో అందరూ ఆయన్ని చప్పిడి బాబాయ్ అనడం అందుకే. అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు.

గోదాము లారీలు తిరిగే రోడ్డు మీద ఉంది. పైన రేకులు, కింద సిమెంటు గచ్చు, మధ్యలో పైకప్పును అంటుకునేదాకా కూల్‌డ్రింకు పెట్టెలు. ఎప్పుడూ ఏదో ఒక డబ్బా పగిలి కారుతూనే ఉంటుంది కాబట్టి నడుస్తుంటే బూట్ల అడుగులు నేలకు అంటుకుని చప్పుడు చేస్తాయి. పెట్టెలకు బిగించిన ప్లాస్టిక్ కాగితం అంచు కత్తిలా ఉంటుంది. ఏళ్ళ తరబడి వాటిని ఎత్తీ దించీ బాబాయ్ వేళ్ళ చివర్లు బండబారిపోయాయి. వేడి గ్లాసు పట్టుకున్నా ఆయనకు వేడి తెలియదు.

ఆ గోదాములో ఒక మామూలు ఉంది. సొట్టపడ్డ డబ్బా దుకాణానికి వెళ్ళదు, పంపితే తిప్పికొడతారు. అందుకని సొట్టడబ్బా ఎత్తేవాళ్ళ సొత్తు. అక్కడే తాగాలి, ఇంటికి పట్టుకెళ్ళకూడదు. సొట్టలేని డబ్బా చేతిలో కనబడిందా, దొంగతనం కింద లెక్క, ఆ పూటే గేటు బయటికి. అందుకని దాహమేసినప్పుడల్లా కుర్రాళ్ళు పెట్టెకు మోచెయ్యి తగిలించి, పాపం అయ్యో అనుకుంటారు. బాబాయ్ మాత్రం ఏనాడూ తన చేత్తో సొట్ట పెట్టలేదు. అప్పటికే సొట్టపడి ఉన్నవే తాగేవాడు. మిగతావాళ్ళు పెట్టిన సొట్టలు కావలసినన్ని ఉండేవి గనక ఆయన నిజాయితీకి ఏ ఇబ్బందీ రాలేదు.

మొదట్లో వాటి జోలికే పోలేదు. తియ్యగా ఉంటాయని భయం. పక్క వరసలో పనిచేసే పహిల్వాన్, మెడా భుజమూ ఒకటే అయిపోయినట్టుండే మనిషి, ఒకరోజు ఎనర్జీ డ్రింకు డబ్బా తిప్పి చదివి చెప్పాడు. ఆ రకాన్ని అక్కడ కరెంటు అంటారు.

"పంచదార సున్నా అని రాసుంది బాబాయ్. నీ కోసమే చేసినట్టున్నారు."

దాని కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఇంకా ఏదో ఉంది. పహిల్వాన్‌కి ఓపిక లేదు, బాబాయ్‌కి కళ్ళజోడు లేదు.

అయినా బాబాయ్ రాతను నమ్మే రకం కాదు. కొన్నాళ్ళు చూశాడు. ఒకనాడు మామూలు డ్రింకు డబ్బా ఒకటి, కరెంటు డబ్బా ఒకటి పక్కపక్కనే పగిలాయి. గోడ పగులులోంచి చీమలు బారులుతీరి వచ్చి మామూలు డ్రింకు చుట్టూ విందుకు కూర్చున్నట్టు కూర్చున్నాయి. రెండోదాన్ని ఒక్క చీమ కూడా మూతి పెట్టి చూడలేదు. ఇంట్లో చీమలతో అన్నేళ్ళు కాపురం చేసిన మనిషికి అంతకంటే రుజువు ఏం కావాలి? ఆరోజే మొదటి డబ్బా తాగాడు. నాలుక మీద తీపి పడగానే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పామూ చచ్చింది, కర్రా విరగలేదు అనుకున్నాడు. చీమలు కూడా ముట్టనిదాన్ని మనిషెందుకు ముట్టాలన్న ప్రశ్న తోచలేదు. తోచి ఉంటే ఇప్పుడు చెప్పుకోవడానికేమీ ఉండేది కాదు.

తాగిన కాసేపటికి గుండెలో పిట్ట రెక్కలు కొట్టుకున్నట్టు టపటపలాడేది. అది బలం ఎక్కడం అనుకున్నాడు. రాత్రుళ్ళు నిద్ర పట్టేది కాదు. నిద్ర లేదు గనక తెల్లారి ఒళ్ళు లేచేది కాదు. ఒళ్ళు లేవదు గనక ఇంకో డబ్బా. గానుగెద్దులా అక్కడికక్కడే తిరుగుతూ, ముందుకు పోతున్నాననుకున్నాడు.

వెళ్ళినప్పుడల్లా డాక్టరు అడుగుతాడు. సిగరెట్టు? లేదండి. మందు? లేదండి. తీపి? మా ఆవిడ మీద ఒట్టండి. కరెంటు సంగతి ఆయన అడగలేదు, ఈయన చెప్పలేదు. దాచాలని కాదు, అడగనిదానికి జవాబు చెప్పడం బాబాయ్ ఎరగడు. పోయినసారి డాక్టరు ఛాతీ మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. గుండె గాబరాగా కొట్టుకుంటోంది, బరువులు తగ్గించు అన్నాడు. బరువులెత్తి బతికేవాణ్ని బరువులు తగ్గించమనడం చేపను నీళ్ళు తగ్గించమనడమే. బాబాయ్ తలూపి వచ్చేశాడు.

పైగా ఇప్పుడు తగ్గించే రోజులు కావు. నిన్న పని దిగే వేళకు సూపర్‌వైజర్ అందరినీ నిలబెట్టి చెప్పాడు. వచ్చే వారం నుంచి ఒక మనిషి తక్కువ. రేపు నేనే కుర్చీ వేసుకుని చూస్తా. ఎవరి చెయ్యి ముందు ఆగితే వాళ్ళు ఇంటికి. చెబుతున్నంతసేపూ అందరూ నేల చూశారు. ఆ చెయ్యి ఎవరిదో అందరికీ తెలుసు.

ఈ సంగతి బాబాయ్ ఇంట్లో చెప్పలేదు. ఆయన మాత్రలు కంపెనీ కార్డు మీద వస్తాయి. పని పోతే కార్డు పోతుంది, కార్డు పోతే మాత్రలు పోతాయి, మాత్రలు పోతే అన్నగారి దారే. పొద్దున్న తాళ్ళు కట్టుకుంటూ బూటు మీంచే బొటనవేలు నొక్కి చూసుకున్నాడు. ఉంది. దాన్ని కాపాడుకోవడానికే ఈరోజు చెయ్యి ఆగకూడదు.

అన్నట్టే సూపర్‌వైజర్ కుర్చీ వేసుకున్నాడు, లారీ పక్కనే, నీడపట్టున. ఎద్దు పుండు కాకికి ముద్దా? ఒక చేత్తో ఏదో తింటూ, రెండో చేత్తో ఫోన్ చూసుకుంటూ, మధ్యమధ్య తలెత్తి వరస చూశాడు. బాబాయ్ పని మొదలెట్టే ముందే ఒకటి తాగాడు. మొదటి లారీ నిండేసరికి ఇంకొకటి. కుర్రాళ్ళతో సమానంగా ఎత్తాడు. ఒక దశలో పహిల్వాన్‌ని దాటి పోయాడు కూడా.

"ఏంటి బాబాయ్, ఇవాళ నన్ను ఇంటికి పంపేలా ఉన్నావే."

"నువ్వెక్కడైనా బతుకుతావురా."

ఎండ ఎక్కింది. రేకులు కాగిపోయి గోదాము పొయ్యిలా అయింది. మధ్యాహ్నం లారీ సగం నిండేసరికి బాబాయ్‌కి చెమట పట్టింది. వేడి చెమట కాదు, చల్లటిది. దవడ లాగింది. ఎడమ చెయ్యి తిమ్మిరెక్కింది. ప్లాస్టిక్ కాగితం కోసుకుందేమోనని అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు. ఏమీ లేదు. పెట్టెల మీద చెయ్యానించి నిలబడ్డాడు.

కుర్చీలోంచి మాట వచ్చింది. "ఏం బాబాయ్, ఆగావా?"

"లేద్సార్. తాళ్ళు ఊడాయి, కట్టుకుంటున్నా."

కిందికి వంగాడు. తాళ్ళు బిగువుగానే ఉన్నాయి. వాటినే విప్పి మళ్ళీ కట్టాడు. ఇంకో డబ్బా పడితే సర్దుకుంటుందనిపించింది. చుట్టూ వెతికాడు. సూపర్‌వైజర్ ఎదురుగా కూర్చున్నాడు గనక ఆరోజు ఎవరి మోచెయ్యీ దేనికీ తగల్లేదు. గోదాములో ఒక్క సొట్ట కూడా మిగల్లేదు.

పహిల్వాన్ చూశాడు. మంచివాడు. గెలవబోయేవాడికి మంచితనం పెద్ద బరువు కాదు. పెట్టెల చాటుకు వెళ్ళి నిక్షేపంలాంటి డబ్బా ఒకటి తీసి, బొటనవేలితో నడుం మీద నొక్కాడు. టక్కుమంది.

"పట్టు. సొట్ట నేను పెట్టా. పాపం నాది, కరెంటు నీది."

బాబాయ్ ఒక్క క్షణం వెనకాడాడు. ఆ తర్వాత సగం తాగి, డబ్బాను గోడవారన గచ్చు మీద పెట్టాడు. పెట్టడంలో కొంచెం ఒలికింది. గుండెలో పిట్ట లేచింది. బలం వస్తోందనుకున్నాడు. పెట్టె ఎత్తి, లారీలోకి ఎక్కి, వరసలో అంచుకు అంచు కలిపి పెట్టి, అరచేత్తో తోసి సరిచేశాడు. తర్వాత అక్కడే పెట్టెలకు వీపు ఆనించి కూర్చుని తాళ్ళవైపు చెయ్యి చాచాడు.

మిగతావాళ్ళు ఆయన పక్కనుంచే పెట్టెలు తెచ్చి పేరుస్తూ పోయారు. తాళ్ళే కట్టుకుంటున్నాడనుకున్నారు. వరస ఆయన దాకా వచ్చాక పహిల్వాన్ అన్నాడు.

"కాళ్ళు తియ్యి బాబాయ్."

తియ్యలేదు.

సూపర్‌వైజర్ లారీ ఎక్కి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి దిగాడు. దిగినవాడు నేరుగా గోడవారకు నడిచి డబ్బా తీసుకుని చుట్టూ తిప్పాడు. సొట్ట వేలికి తగిలాక ఊపిరి వదిలాడు. "సొట్టదే. మనకే గొడవా లేదు." ఎక్కణ్ణుంచి తీశాడో అక్కడే పెట్టాడు. లారీ వేళ దాటిపోతోంది గనక బాబాయ్‌ని దించి, అట్టలు పరిచి పడుకోబెట్టి, ఆయన ఆనుకున్న వరసను నింపేశారు. తలుపు మూస్తుంటే సూపర్‌వైజర్ మామూలుగానే అన్నాడు. "ఇక ఎవర్నీ ఆపక్కర్లేదు. లెక్క సరిపోయింది."

కబురందుకుని ఆమె సగం దువ్విన తలతో వచ్చింది. ఏడవలేదు. ముందు కాళ్ళ దగ్గర కూర్చుని బూట్లు విప్పింది. ఒక్కొక్క వేలూ పట్టుకుని చూసింది. అన్నీ ఉన్నాయి. అన్నగారిలా కాకుండా ఈయన రెండు కాళ్ళతోనే పోయాడు.

"ఈయనేమైనా తిన్నారా?"

"తినలేదు పిన్నీ. అదిగో, అది తాగాడంతే," అన్నాడు పహిల్వాన్.

"పంచదారుందా అందులో?"

పహిల్వాన్ డబ్బా తీసుకున్నాడు. పెద్దక్షరాలు అతనికి కంఠతా వచ్చు. ఈసారి మాత్రం ఆమె ముఖం చూడలేక చూపు కిందికి దించాడు. చీమ తలకాయంత అక్షరాలు. గుండె జబ్బున్నవారు తాగరాదు. రోజుకు ఒకటికి మించి... అతని బొటనవేలు తాను పెట్టిన సొట్టలో సరిగ్గా కూర్చుని ఉంది.

"ఉందా?"

"లేదు పిన్నీ. సున్నా."

"సరిగ్గా చదువు."

"చదివే చెబుతున్నా. పంచదార సున్నా."

ఆమె నెమ్మదిగా తన నెత్తిమీద తాను చెయ్యి వేసుకుంది. మెడలో తాళంచెవి కదిలింది.

"నాకు తెలుసు," అంది. "ఒట్టు తప్పే మనిషి కాదు."

పహిల్వాన్ డబ్బాను కింద పెట్టి, బాబాయ్‌ని ఎత్తడానికి మిగతావాళ్ళతో కలిశాడు. అందరూ వెళ్ళిపోయాక గోడ పగులులోంచి చీమల బారు ఒకటి బయల్దేరి, ఒలికిన చారిక దాకా వచ్చి ఆగి, పక్కకు తిరిగి పోయింది. సగం డ్రింకుతో, నడుం మీద బొటనవేలంత సొట్టతో డబ్బా అక్కడే ఉంది.